ఇంటిమీది డ్రోను, చేతికందని జామరు
(స్టేషన్ ఘన్‌పూర్ గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమువారు మమ్ము పిలిచి చట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. ఏ చట్టమో వారు చెప్పలేదు. వకీలున కింతటి స్వేచ్ఛ నిచ్చుట శ్రోతలకు క్షేమకరము కాదని వారికి తెలియకపోలేదు. అయినను మేమా స్వేచ్ఛను దుర్వినియోగము చేయక, నేడు పల్లెకును పట్టణమునకును సమానముగ సంబంధించిన విషయము నొకదానిని మీ ముందుంచుచున్నాము. డ్రోనుల నడ్డగించు యంత్రములను కొనుటకును, వాడుటకును చట్టము విధించిన నిర్బంధములే ఆ విషయము. ఇది సైన్యములకు సంబంధించినది, మనకేల యని కొందఱికి తోచవచ్చును. మాకును కొంతకాలము క్రిందట నట్లే తోచెడిది.

ఈ నడుమ మా కచ్చేరికి వర్తకు డొకరు వచ్చిరి. సాయంకాలమున తమ యింటి స్త్రీలు మిద్దెమీదికి పోవు వేళకు ఒక డ్రోను వచ్చి మిద్దెపైన నిలిచి చూచుచున్నదట. ఒకనాడు కాదు, వరుసగ మూడు నాళ్లు. ఎవరు ఎగురవేయుచున్నారో తెలియదు. పెండ్లి వీడియోలు తీయు కుఱ్ఱవాండ్రలో నొకడని ఆయన యనుమానము. తన చేతి ఫోనులో ఒక ప్రకటన చూపెను. తుపాకివలె నున్న యంత్రము. మీట నొక్కినచో డ్రోను దారి తప్పునని, లేదా నేలకు దిగునని దాని వర్ణన. "వకీలు సాబ్, దీన్ని తెప్పించుకోవచ్చునా? పైసలు తయారుగ నున్నవి" అని యడిగెను. వలదంటిమి. తెప్పించుకొన్నచో నేరము మీమీద పడునంటిమి. ఆయన కొంతసేపు మౌనముగ నుండి, "నా యింటిలోనికి తొంగిచూచువాడు నేరస్థుడు కాడు, తలుపు వేసికొనువాడు నేరస్థుడా?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సూటియైన జవాబు చెప్పుటకే నేటి మా ప్రయత్నము.

మొదట యంత్రము సంగతి. సాధారణముగ బజారులో దొరకు డ్రోను తనను నడపువానితో రేడియో తరంగముల ద్వారా మాటలాడుచుండును. ఆ సంభాషణ యెక్కువగ 2.4 గిగాహెర్ట్జులు, 5.8 గిగాహెర్ట్జులు అను పట్టీలలో జరుగును. తానెక్కడ నున్నదో తెలిసికొనుటకు ఆకాశమునందలి ఉపగ్రహముల సంకేతములను వినుచుండును. జామరు చేయుపని యొక్కటే: ఆ తరంగములమీదనే పెద్దగొంతుతో అఱచుట. సంతలో ఇద్దఱు మాటలాడుకొనుచుండగా మూడవవాడు వచ్చి చెవులదగ్గఱ డప్పు వాయించినట్లు. డ్రోనునకు యజమాని మాట వినబడదు. అప్పుడది తన తయారీలో నేర్పిన ప్రకారము ఉన్నచోటనే నిలుచును, లేదా బయలుదేరిన చోటికి మరలును, లేదా దిగును. ఉపగ్రహ సంకేతము కూడ పోయినచో గాలి కెటు కొట్టుకొనిపోవునో చెప్పలేము. పిల్లవాని తలమీద పడినను పడవచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. డప్పుచప్పుడు ఆ ఇద్దఱి చెవులకే పరిమితము కాదు. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో డ్రోను ఒక్కటే లేదు. మీ యింటి వైఫై యున్నది, ప్రక్కయింటివారి వైఫై యున్నది, చెవిలో పెట్టుకొను బ్లూటూత్ యంత్రమున్నది. ఉపగ్రహ సంకేతము డ్రోనులకొఱకు పుట్టినది కాదు. లారీలు, అంబులెన్సులు దారి చూచుకొనుటకును, పలు యంత్రములు కాలము సరిచూచుకొనుటకును దానినే నమ్ముకొన్నవి. అమెరికాలో న్యూవార్క్ విమానాశ్రయము దాపున జరిగిన సంగతి వినుడు. తన యజమాని తన వాహనమెక్కడ నున్నదో కనిపెట్టకుండుటకై ఒక డ్రైవరు బండిలో చిన్న జామరు పెట్టుకొనెను. ఆయన ఉద్దేశము యజమాని కండ్లు కప్పుటయే. కాని దాని ప్రభావము విమానములను దింపుటకు సాయపడు భూతల పరికరములకు తగిలెను. 2013లో అక్కడి సమాచార ప్రసార సంఘము ఆయనకు 31,875 డాలర్ల జరిమానా నిర్ణయించెను. జేబులో పట్టు యంత్రమున కంత శక్తి గలదు.

మన యూరిమీదుగ కాజీపేట, సికింద్రాబాదు రైలుమార్గము పోవుచున్నది. బండ్లు ఢీకొనకుండ కాపాడుటకు దక్షిణ మధ్య రైల్వేలో మొదట పరీక్షింపబడిన కవచ్ పద్ధతి, ఇంజనునకును స్టేషనునకును నడుమ రేడియో సంభాషణమీద ఆధారపడి పనిచేయును. దాని పట్టీ వేఱు, డ్రోను పట్టీ వేఱు; నిజమే. అయితే ఎవడో యేదేశముననో అచ్చుగుద్దిన పేరులేని జామరు తన పట్టీలోనే బుద్ధిగ నుండునని జామీను ఎవరిచ్చెదరు?

ఇక చట్టము. 2023లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టము చేసినది. 2024 జూన్ 26 మొదలు విడతలుగ అది అమలునకు తేబడినది. అందు 48వ సెక్షను 2024 జూలై 5న అమలునకు వచ్చినది. దాని సారాంశ మిది: కేంద్ర ప్రభుత్వము అనుమతించిననే తప్ప, వార్తాప్రసారము నడ్డగించు యంత్రము నెవ్వరును కలిగియుండరాదు, వాడరాదు. ఈ రెండు మాటలలో మొదటిదానిని మీరు గట్టిగ గుర్తుంచుకొనవలెను. వాడుట మాత్రమే కాదు, కలిగియుండుట. బీరువాలో పెట్టి తాళము వేసితిని, ఒక్కనాడును మీట నొక్కలేదు అను వాదము న్యాయస్థానమున నిలువదు. అంతకుముందే 2022లో టెలికమ్యూనికేషన్ల శాఖ బహిరంగ ప్రకటన చేసినది. ప్రత్యేకముగ ననుమతింపబడిన సందర్భములు తప్ప సెల్లు జామరులు, జీపీఎస్ నడ్డగించునవి మొదలగువాని వాడుక చట్టవిరుద్ధమనియు, ప్రైవేటు వ్యక్తులు గాని ప్రైవేటు సంస్థలు గాని వానిని సంపాదింపరాదనియు, ప్రకటించుట, అమ్ముట, పంచుట, దిగుమతి చేసికొనుట కూడ నేరమే యనియు అందు స్పష్టముగ నున్నది. వర్తకునకు ఫోనులో కనబడిన ప్రకటనయే ఒక నేరమన్నమాట. అమ్మువాడు సముద్రముల ఆవల నుండును. కొన్నవాడు ఘన్‌పూర్‌లో దొరకును. శిక్ష దొరికినవానికి.

మఱి ఎవరికి దొరకును? సైన్యమునకు, కేంద్ర పోలీసు బలగములకు, రాష్ట్ర ప్రభుత్వములకు. చెఱసాలలలో సెల్లుఫోనుల నణచుటకు రాష్ట్రములు పెట్టుకొనును. పరీక్షలు నడుపు శాసనబద్ధ సంస్థలకు స్వల్పశక్తి గల జామరులను షరతులతో ననుమతింతురు. కేంద్ర మంత్రివర్గ సచివాలయపు అనుమతి లేనిదే ఇవి కదలవు. వీనిని సరఫరా చేయుటకు ప్రభుత్వ విధానములో పేర్కొనబడిన రెండు ప్రభుత్వ సంస్థలలో నొకటి మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.; 1967లో స్థాపింపబడినది. రెండవది భారత్ ఎలక్ట్రానిక్స్. మన రాజధాని పొలిమేరలో తయారగు యంత్రమును మన రాష్ట్రపు పౌరుడు కొనజాలడు. ఇందులో విడ్డూరమేమియు లేదు. ఫిరంగి కూడ నెక్కడనో ఒక యూరిలోనే తయారగును.

ఈ నిషేధమునకు పూర్వచరిత్ర యున్నది. అది తెలియనిదే మన మనస్సులోని సంశయము తీరదు. తంతివార్తల ప్రత్యేకాధికారము ప్రభుత్వమునకే చెందునని తెల్లదొరలు 1885లో శాసించిరి. 1933లో నిస్తంత్రీ యంత్రమును లైసెన్సు లేక కలిగియుండుటయే నేరమని మఱియొక శాసనము చేసిరి. ఇంటిలో రేడియో పెట్టుకొన్నవారు తపాలా కచ్చేరికి పోయి రుసుము చెల్లించి పుస్తకముమీద ముద్ర వేయించుకొనిన దినములు మన పెద్దలకు జ్ఞాపకముండును. 1942లో క్విట్ ఇండియా నాళ్లలో బొంబాయిలో ఉషా మెహతా గారును ఆమె సహచరులును రహస్యముగ కాంగ్రెసు రేడియో నడిపి, నవంబరు 12న పట్టుబడి, ఆమె నాలుగేండ్ల శిక్ష ననుభవించుట దేశమెఱిగినదే. ఆకాశతరంగములమీద పాలకునిదే గుత్తాధిపత్యమనినపుడు దేశభక్తుల కది సంకెల యయ్యెను. నేడు ప్రభుత్వము మనది గనుక అదే నియమమును వేఱుకండ్లతో చూడవలెనా? చూడవలెననియే మా యభిప్రాయము. అయితే గ్రుడ్డిగ గాదు.

మన ప్రాంతపు చెఱువుల సంగతి జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కాకతీయుల నాటినుండి మనకు గొలుసుకట్టు చెఱువులు. తూము తీయువాడు నీరటికాడు. తన మడి యెండుచున్నదని ప్రతి రైతును గడ్డపాఱ పట్టుకొని కట్టమీదికి పోయినచో చెఱువు నిలుచునా? నీరటికానికే తూము నప్పగించుటలో ఊరికి పరాభవము లేదు. కాని నీరటికాడు పిలిచినపుడు రావలెను. రాత్రి గండిపడినపుడు లేవవలెను. పెద్ద భూస్వామి మడికి ముందు, చిన్నవాని మడికి తరువాత నీరు వదలరాదు. ఆకాశతరంగము కూడ నట్టి చెఱువే. జామరు కొనుట కెవనికి బడితే వానికి స్వేచ్ఛ యిచ్చినచో, నేడు మిద్దెమీది డ్రోను కొఱకు కొన్నది రేపు దొంగ యింటి కెమెరాను మూయుటకు, ఎల్లుండి అంబులెన్సును పిలుచు ఫోనును నోరునొక్కుటకు పనికివచ్చును. కావున నిషేధము న్యాయమని వకీలుగ మేము నిశ్చయముగ చెప్పుచున్నాము. నీరటికాడు సక్రమముగ నున్నాడా యను ప్రశ్నకు తరువాత వత్తము.

"జామరు వలదు, మఱి రాయి రువ్వవచ్చునా?" అని సభలో వెనుకనుండి యెవరో యడుగుచున్నారు. మంచి ప్రశ్న. జొన్నచేలమీద పిట్టలను తోలుటకు మన తాతలు త్రిప్పిన వడిసెల యున్నది. రజాకార్ల నెదిరించుటకు కూడ ఈ పల్లెలలో దానినే పట్టిరి. కడవెండి, బైరాన్‌పల్లి మనకు దూరము కావు. అయితే చట్టము దృష్టిలో డ్రోను పిట్ట కాదు, విమానము. దానిని పడగొట్టుట పరుల సొత్తునకు నష్టము చేయుట. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను క్రిందికి రావచ్చును. తుపాకి పేల్చినచో ఆయుధముల చట్టము తోడగును. ఆత్మరక్షణ హక్కు సొత్తునకు కూడ వర్తించునని సంహితయే చెప్పుచున్నది, సత్యమే. కాని ప్రభుత్వాధికారుల సాయమునకు పరుగెత్తుటకు వ్యవధి యున్నచోట ఆ హక్కు లేదని 37వ సెక్షను చెప్పుచున్నది. మూడునాళ్లుగ వచ్చుచున్న డ్రోను విషయమున వ్యవధి లేదని యెవరు వాదింపగలరు? అమెరికాలో కెంటకీ రాష్ట్రమున 2015లో ఒక గృహస్థు తన యింటిపై తిరిగిన డ్రోనును తుపాకితో కూల్చెను. అక్కడి స్థానిక న్యాయాధిపతి ఆయనమీది యభియోగములను కొట్టివైచెను. ఆ తీర్పు ఘన్‌పూర్‌లో చెల్లదు. పత్రికలలో దానిని చదివి వడిసెల సిద్ధపఱచుకొనువారిని ముందుగనే హెచ్చరించుచున్నాము.

గాలిపటము సంగతి ఇంకను విచిత్రము. 2024 ఫిబ్రవరిలో పంజాబు, హర్యానా సరిహద్దున శంభూ కడ రైతులు ఢిల్లీకి పోవుటకు గుమిగూడగా, హర్యానా పోలీసులు డ్రోనులనుండి బాష్పవాయు గోళములను జాఱవిడిచిరి. రైతులు గాలిపటములెగురవేసి, దారములతో డ్రోనుల రెక్కలను చిక్కించుకొనుటకు యత్నించిరి. నవ్వు వచ్చునట్టి యుపాయమే. కాని నిరాయుధునకు మిగిలిన యుపాయము. సంక్రాంతికి పిల్లలాడు వస్తువుతో ప్రభుత్వ యంత్రము నెదుర్కొనిరి. వకీలు బుద్ధి మాత్రము వేఱుదారి పట్టును. విమానము అను పదమునకు 1934 నాటి విమాన చట్టము చెప్పిన నిర్వచనములో గాలిపటము కూడ చేరియున్నది! ఆ చట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమము వచ్చినది. కృత్రిమ నూలు మాంజాను జాతీయ హరిత న్యాయాధికరణము 2017లో దేశమంతట నిషేధించినది. పక్షుల ప్రాణములు, మనుష్యుల గొంతుకలు తెగుచున్నందున నది సమంజసమే. కనుక గాలిపటము కూడ నిర్భయముగ నెగురవేయు సాధనము కాదని తేలినది.

ఇట్లు జామరు పోయినది, తుపాకి పోయినది, వడిసెల పోయినది, గాలిపటము సందిగ్ధము. పౌరుని చేతిలో ఏమి మిగిలినది? కండ్లు, చెవులు, ఫోను, కాగితము. తన యింటి ఆవరణలో కెమెరా పెట్టుకొని వచ్చిపోవు డ్రోనును చిత్రించుటకు ఎవరి లైసెన్సును అక్కఱలేదు. రేడియో తరంగములను తానై వెలువరించు రాడారు వంటివి మాత్రము మరల అనుమతుల కోవలోనికే వచ్చును. కనుక మీరు చూడవచ్చును, పట్టరాదు, వినవచ్చును, ఆపరాదు.

ఆపవలసినవారు ప్రభుత్వమువారు. ఆ పక్షమున ఏమున్నదో చూతము. 2021 ఆగస్టు 25న డ్రోను నిబంధనలు వెలువడినవి. దేశపు ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములుగ విభజించి పటము నొకదానిని అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రకటించిరి. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల వఱకు అనుమతి యక్కఱలేదు. విమానాశ్రయమునకు 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ ఆ హద్దు 200 అడుగులే. (మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రము సమ్మతించినది గనుక ఆవైపు గ్రామములవారు ఈ పటమును అప్పుడప్పుడు చూచుచుండుట మంచిది.) 250 గ్రాములకు లోబడినది నానో, 2 కిలోల వఱకు మైక్రో, ఆపైన చిన్నవి, మధ్యమములు, పెద్దవి. నానో డ్రోనునకును, వ్యాపారమునకు కాని మైక్రో డ్రోనునకును నడపువానికి యోగ్యతాపత్రము అక్కఱలేదు. నిబంధనల నతిక్రమించినచో లక్ష రూపాయల వఱకు జరిమానా. డ్రోనుల వ్యాపారము వృద్ధిపొందవలెనని, అడ్డంకులు తొలగవలెనని ఉద్దేశించి చేసిన నిబంధనలివి. ఉద్దేశము మంచిదే. మా తాలూకాలో పత్తికి, వరికి మందు చల్లు డ్రోనులను మేమే చూచుచున్నాము. 2023లో కేంద్రము ఆమోదించిన పథకమున స్వయం సహాయక సంఘముల స్త్రీలకు 15,000 డ్రోనులు సమకూర్చవలెనని తలచిరి. వెలలో 80 వంతులు, ఎనిమిది లక్షలకు మించకుండ, ప్రభుత్వ సాయము. డ్రోనును శత్రువుగ చూచువారము కాము. కాని ఆ నిబంధనలలో ఇంటి గోప్యతకు ప్రత్యేక రక్షణ యేదియు కానరాదు. మిద్దెమీద 30 అడుగుల యెత్తున నిలిచి చూచుచున్న నానో డ్రోనును గూర్చి నిబంధనలు దాదాపు మౌనము.

పుట్టస్వామి గారి వ్యాజ్యములో 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని యేకగ్రీవముగ తీర్పు చెప్పినది. స్త్రీ ఏకాంతమున నుండగా దొంగచాటున చూచుట, చిత్రించుట న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. అందుకు కెమెరా చేతనున్నదా, ఆకాశమున నున్నదా యను భేదము లేదు. కావున మా వర్తకునికి చట్టములో మందు బొత్తుగ లేదనుట పొరపాటు. మందు అలమరలో నున్నది. అలమర తాళపుచెవి ఠాణాలో నున్నది.

భూమి యజమానికి తన భూమిపై ఆకాశమున నెంతవఱకు హక్కు? అమెరికా సుప్రీంకోర్టు 1946లో ఒక కోళ్లఫారము రైతు వ్యాజ్యములో దీనిని విచారించినది. యుద్ధకాలమున సైనిక విమానములు ఆయన కొట్టములమీదుగ చాల తక్కువ యెత్తున పోవుచుండగా, కోళ్లు బెదరి గోడలకు కొట్టుకొని నూటయేబదివఱకు చచ్చినవి. భూమినుండి ఆకాశపు చివరివఱకు యజమానిదే యను పాతసూత్రము చెల్లదనిరి. కాని తన భూమిని సుఖముగ వాడుకొనుటకు అవసరమైనంత యెత్తు ఆయనదే యనిరి. మన 1934 నాటి చట్టము కూడ 17వ సెక్షనులో, సముచితమైన యెత్తున పోవు విమానము విషయముననే దావాలను నిరోధించినది. సముచితము కాని యెత్తున పోయినచో దావాకు దారి యున్నదని దాని భావము. ఈ జిల్లాలో కోళ్లఫారములు నడుపువారు ఈ సంగతి చెవిని వేసికొనుట మంచిది. డ్రోను రెక్కల రొదకు కోళ్లు బెదరునా లేదా యనునది మాకంటె వారికే బాగుగ తెలియును.

ఇక నీరటికాని నడత. 2020 మార్చిలో, జన్వాడ కడ నొక ఫారముహౌసుపై డ్రోను ఎగురవేయించినారను నభియోగముమీద నాటి పార్లమెంటు సభ్యులు శ్రీ రేవంత్ రెడ్డి గారిని అరెస్టు చేసి చెఱసాలకు పంపిరి. ఆ భవనము నాటి మంత్రి శ్రీ కె. తారక రామారావు గారికి సంబంధించినదని ఆరోపణ. కాలచక్రము తిరిగినది, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి గారు ముఖ్యమంత్రి యైరి. 2024 జూలైలో తారక రామారావు గారు తమ పక్షమువారితో మేడిగడ్డ ఆనకట్టను చూడబోగా, అనుమతి లేక డ్రోను ఎగురవేసిరని భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ పోలీసులు కేసు పెట్టిరి. 2025లో హైకోర్టు ఆ కేసును కొట్టివేసినది. ఈ రెండు వ్యవహారములలో నెవరి తప్పెంతయో తీర్చుట మా పని కాదు; ఇరుపక్షముల వారును మాకు సమానులే. మేము చెప్పదలచిన దొక్కటే. పెద్దవారి కప్పుమీదను, ప్రభుత్వపు ఆనకట్టమీదను డ్రోను ఎగిరినపుడు చట్టమునకు రెక్కలు మొలిచినవి. పోలీసులు వచ్చిరి, సెక్షనులు దొరకినవి. వర్తకుని మిద్దెమీద ఎగిరినపుడు మాత్రము ఠాణాలో చెప్పిన మాట: "డ్రోను నంబరు తీసికొని రండి." ఆకాశమున నిలిచిన 250 గ్రాముల యంత్రపు నంబరును నేలమీదనుండి చదువగలవాడు గ్రద్దకు తమ్ముడై పుట్టవలెను. పైగా నానో డ్రోనునకు అట్టి సంఖ్యలు కంటికి కనబడునవి గావు.

ప్రభుత్వమునకు శక్తి లేదా? ఉన్నది. 2019లోనే పౌర విమానయాన శాఖ దుష్ట డ్రోనుల నెదుర్కొనుటకు జాతీయ మార్గదర్శకములు ప్రకటించినది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరముపై డ్రోనులతో దాడి జరిగినది. 2025 మే 8 రాత్రి పశ్చిమ సరిహద్దు పొడవున 36 చోట్ల 300 నుండి 400 డ్రోనులు చొచ్చుకొని వచ్చినవని మన సైన్యాధికారులు మఱునాడు ప్రకటించిరి. పెక్కింటిని మనవారు కూల్చిరి. అది చూచి గుండె యుప్పొంగని తెలుగువాడుండడు. డి.ఆర్.డి.ఓ. రూపొందించిన ప్రతిఘటన యంత్రము గణతంత్ర దినోత్సవములకు కాపుండుచున్నది. హైదరాబాదు ప్రైవేటు కర్మాగారములలో కూడ నిట్టివి తయారై సైన్యమునకు పోవుచున్నవి. దేశరక్షణకు మొదటిపాలు; అందులో మాకు తగవు లేదు. జిల్లా కేంద్రమునకు ఒక్క యంత్రము, దానిని వాడ నేర్చిన ఒక్క పోలీసు జట్టు ఉండుట దేశరక్షణకు భంగమని మాత్రము మమ్ము నమ్మింపజాలరు.

ఇచ్చట ఒక మెలిక చెప్పకున్న మేము వకీలులము కాము. ప్రత్యేక రాష్ట్రోద్యమమున మేము వాలంటీరులముగ తిరిగినవారము. 2011 సకలజనుల సమ్మె నాళ్లలో మన సభలను పోలీసు కెమెరాలు చిత్రించుట చూచినవారము. నేడైనచో ఆ కెమెరా తలమీద నెగురును. రేపు జిల్లా పోలీసులకు జామరు లభించినచో, అది తొంగిచూచు డ్రోనునే యాపునా? ఇసుక రీచిలో అక్రమముల చిత్రించు విలేకరి డ్రోనును కూడ నాపునా? చెఱువు శిఖము కబ్జాను చూపు పౌరుని డ్రోనును నాపునా? సభను గమనించు పోలీసువారి డ్రోనునకు మాత్రము దారి వదలునా? కావున యంత్రము కావలెనను కోరికతోబాటు, దానిని వాడినపుడెల్ల తేదీ, వేళ, కారణము వ్రాసి ఉంచు చిట్ఠా కావలెననియు, ఆ చిట్ఠా మేజిస్ట్రేటునకు పంపబడవలెననియు కోరుచున్నాము. లెక్క లేని అధికారము ఎవరి చేతిలో నున్నను మాకు భయమే. గస్తీ నిశాన్ తిర్పన్ క్రింద సభకు అనుమతి వేడుకొనిన తరమువారి మనుమలము మేము.

జామరు సర్వరోగ నివారిణి కాదని కూడ నెఱుగుడు. ఉక్రెయిన్ యుద్ధమున తరంగముల బదులు సన్నని గాజుతీగను వెంట విడుచుకొనుచు పోవు డ్రోనులు వచ్చినవి. వానికి జామరు డప్పు వినబడదు. తానై దారి నేర్చిన డ్రోనులకును అంతే. ఇవాళ అయిదంకెల పైకము పోసి కొన్న యంత్రము, నేరమను మాట నటుంచినను, కొలది యేండ్లలో గోడకు తగిలించు బొమ్మ యగును. పైకము నష్టము, కేసు లాభము.

ఇప్పటికి చేయదగినది చెప్పెదము. డ్రోను కనబడిన తేదీ, గంట, అది వచ్చిన దిక్కు, పోయిన దిక్కు వ్రాసి పెట్టుకొనుడు. పోయిన దిక్కు ముఖ్యము. బ్యాటరీ తీరకముందే అది ఇంటికి చేరవలెను గనుక నడపువాడు సామాన్యముగ చాల దూరమున నుండడు. ఫోనుతో చిత్రించుడు, రొద కూడ వినబడవలెను. 112కు పిలిచి, పిలిచిన వేళను గుర్తించుకొనుడు. ఠాణాలో నోటిమాటతో సరిపెట్టక వ్రాతపూర్వకముగ ఫిర్యాదిచ్చి రసీదు పుచ్చుకొనుడు. స్త్రీల చిత్రముల సంగతి యైనచో 77వ సెక్షనును ఫిర్యాదులోనే వ్రాయుడు. ఠాణాలో తీసికొననిచో పోలీసు సూపరింటెండెంటుకు రిజిస్టరు తపాలాలో పంపుడు, అటుపిమ్మట మేజిస్ట్రేటు కోర్టు తలుపు తెఱచియే యుండును. డ్రోను తానై మీ దొడ్డిలో పడినచో దానిని పగులగొట్టకుడు, దాచకుడు. పంచుల యెదుట ఠాణాకు చేర్చుడు. లోపలి చిన్న కార్డులో నుండునది వేయి సాక్షుల పెట్టు.

జిల్లా కలెక్టరుగారికిని, పోలీసు శాఖకును పంపవలసిన అర్జీ నొకదానిని మేము వ్రాసి తెచ్చితిమి. ప్రతి ఠాణాలోను డ్రోను ఫిర్యాదులకు వేఱు రిజిస్టరు ఉండవలెననియు, అద్దెకు డ్రోనులు నడుపు ఫోటోగ్రాఫరుల పేర్లును వారి యంత్రముల సంఖ్యలును ఠాణాలో నమోదు కావలెననియు, జిల్లాకు ఒక ప్రతిఘటన యంత్రమును చిట్ఠా షరతుతో తెప్పింపవలెననియు అందు కోరితిమి. ఫోటోగ్రాఫరు సోదరులు కొందఱు ఈ సభలోనే యున్నారు. రెండవ కోరికపై వారి ఆక్షేపణ లేమైన నున్నచో ఇప్పుడే వినుటకు సిద్ధముగ నున్నాము. అర్జీ ప్రతి పత్రికల బల్లమీద నున్నది. వచ్చు ఆదివారము వఱకు అక్కడనే యుండును. సంతకముతోబాటు గ్రామము పేరు కూడ వ్రాయవలెనని మనవి.